పూస గుచ్చిన చేతులు

హైదరాబాద్ చుట్టుపక్కల కొండాపురాలు రెండున్నాయి. ఒకటి సంగారెడ్డి జిల్లాలో, ఊరి పక్కన పాత మట్టిదిబ్బతో. రెండోది హైటెక్ సిటీని ఆనుకుని, తలెత్తితే తప్ప చివరి అంతస్తు కనపడని అపార్ట్‌మెంట్లతో. మొదటి కొండాపురంలో 1940ల తొలినాళ్లలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వకాలు జరిపించింది. శాతవాహనుల నాణేలు, మట్టిబొమ్మలతో పాటు రకరకాల పూసలు బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ల కిందట ఎవరో కూర్చుని, రాయిని అరగదీసి, సన్నటి బెజ్జం వేసి, దారానికి గుచ్చుకున్న పూసలవి. రెండో కొండాపురంలో ఇవాళ్టి సాయంత్రం ఆఫీసు లాప్‌టాప్ మూసి, అదే డైనింగ్ టేబుల్ మీద మూతల డబ్బాలు తెరిచి పూసలు గుచ్చుతున్న ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. రెండు ఊళ్లకూ పేరు కలవడం కాకతాళీయమే. పని కలవడం మాత్రం కాకతాళీయం కాదు. ఆ పని ఎక్కడెక్కడ తిరిగి, ఎవరెవరి చేతులు మారి మళ్లీ మామూలు ఇంటి బల్ల మీదికి వచ్చిందో ఒకసారి వెనుదిరిగి చూడాలనిపించింది.

తెలుగు నేల మీద నగల చరిత్ర అనగానే మనకు రాజులు గుర్తుకొస్తారు. సాక్ష్యాలు మిగిల్చింది వాళ్లే కనుక అది సహజం. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సముద్ర వర్తకులకు భరోసా ఇస్తూ ఏయే సరుకుకు ఎంత సుంకమో తేల్చి చెప్పింది. ఆ జాబితాలో ముత్యాలున్నాయి. 1213 నాటి రామప్ప గుడి మదనికల ఒంటి మీద ఎన్ని రకాల హారాలు, కడియాలు, మొలనూళ్లు ఉన్నాయో లెక్కపెట్టాలంటే ఒక పూట చాలదు. ఆ నల్లరాతి నగలను చెక్కిన శిల్పి ముందు ఎక్కడో ఒకచోట అసలు నగను చూసి ఉండాలి. ఆ అసలు నగను చేసిన అవుసలి ఎవరో ఏ శాసనమూ చెప్పదు. ఈ కథ పొడుగునా ఇదే తంతు. తొడుక్కున్నవారి పేరు ఉంటుంది, అమ్మినవారి పేరు ఉంటుంది, చేసిన చేతికి పేరుండదు.

గోల్కొండ కాలానికి వచ్చేసరికి ఈ తంతు ప్రపంచ స్థాయికి చేరింది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిన వజ్రాలు ఐరోపా, పర్షియా దర్బారుల దాకా వెళ్లాయి. పదిహేడో శతాబ్దంలో కొల్లూరును చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడ అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవాళ్లట. గోల్కొండ వజ్రమని లోకం పేరుపెట్టిన రాయిని మొదట తట్టలో మోసింది పల్నాటి కూలి ఆడమనిషి కావచ్చన్న మాట! ఆ రాళ్లు బేరానికి వచ్చేది కోట గోడల బయట ఉన్న కార్వాన్‌కు. వజ్రాల వ్యాపారులు, సానపట్టేవాళ్లు ఉండే పేట అది. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు దొరకడంతో ఈ నేల గుత్తాధిపత్యం కూడా పోయింది. కొల్లూరు ప్రాంతం ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది.

వజ్రం పోయినా పని పోలేదు. హైదరాబాద్‌కు సముద్రం లేదు, అయినా ముత్యాల నగరమని పేరొచ్చింది. ముత్యం ఇక్కడ పుట్టదు, ఇక్కడ నగ అవుతుంది. గల్ఫ్ నుంచి వచ్చిన బస్రా ముత్యాలను జల్లెడలతో సైజుల వారీగా వేరుచేయడం, విల్లు బర్మాతో బెజ్జం వేయడం, మరక పోయేలా శుద్ధి చేసి ఎండబెట్టడం, వన్నె చూసి జతకూర్చడం, పట్టుదారానికి గుచ్చడం, అన్నీ చేతిపనులే. బెజ్జం వెంట్రుకవాసి పక్కకు పోతే ముత్యం ఖరీదు సగమైపోతుంది. అందుకే బర్మా పట్టిన చేతికి వణుకు రాకూడదు. 1893లో జపాన్‌లో మికిమోటో కొకిచి ముత్యపుచిప్పలో ముత్యాన్ని పెంచి చూపించాక, ఒక తరం తిరిగేసరికి గల్ఫ్ ముత్యాల వేట కుప్పకూలింది. బస్రా ముత్యం వారసత్వ వస్తువైంది. దాని స్థానంలో జపాన్ ముత్యం, ఆ తర్వాత చైనా మంచినీటి ముత్యం వచ్చాయి. రేవు మారింది, దేశం మారింది, బెజ్జం వేసి హారం కట్టడం మాత్రం హైదరాబాద్‌లోనే ఉండిపోయింది. 1908 మూసీ వరద తర్వాత ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పత్థర్‌గట్టీలో రాతి కమానుల దుకాణాల వరుస కట్టించింది. ముత్యాల కొట్లకు అది స్థిరమైన చిరునామా అయింది.

పత్థర్‌గట్టీ నుంచి చార్మినార్ దాటితే లాడ్ బజార్. ముత్యం శ్రీమంతులదైతే లక్కగాజు అందరిదీ. బొగ్గుల మీద లక్కను కరిగించి, రంగు కలిపి, బద్దలా సాగదీసి, వలయంగా చుట్టి, వేడి చల్లారకముందే ఒక్కొక్క రాయినీ అద్దుతారు. వేళ్ల కొసలు కాలి మొద్దుబారితేగానీ పని పట్టుబడదని ఆ గల్లీల్లో అనుకుంటారు. నేను గమనించిందేమిటంటే, బజారులో మనకు కనిపించే మనిషి దుకాణదారు మాత్రమే. గాజులు వెనక గల్లీల్లోని ఇరుకు గదుల్లో తయారవుతాయి. రాళ్లు అద్దే పని చాలామటుకు ఇళ్లల్లో, ఆడవాళ్ల చేతుల మీదుగా, వంట అయ్యాక, పిల్లలు బడికి వెళ్లాక జరుగుతుంది. ఇంటి పనుల సందులో నగ చేయడమనేది ఇప్పటి కొత్త మోజు అనుకునేవాళ్లు ఒకసారి ఆ గల్లీల్లో నడవాలి. తేడా ఒక్కటే. అక్కడ అది కాలక్షేపం కాదు, కూలి. జతకు ఇంతని లెక్క.

పల్లెల్లో దారి వేరు. అక్కడ బంగారం, వెండి అవుసలివి. కుంపటి, ఊదుగొట్టం, పటకారు, గురిగింజలు ఉన్న చిన్న త్రాసు, ఇదే ఆయన సరంజామా. పుస్తెల బంగారం కరిగించేటప్పుడు ఇంటి పెద్దలు ఎదురుగా కూర్చునేవారు. గౌరవంతో ఎంతమంది, అనుమానంతో ఎంతమంది అన్నది వేరే సంగతి. ఇక పూసలు, దువ్వెనలు, పిన్నులు, సవరాలు గంపలో పెట్టుకుని ఊరూరా తిరిగేది పూసలోళ్లు. గుమ్మం ముందు గంప దించగానే ఆ వాడ ఆడవాళ్లంతా చుట్టూ చేరేవారు. డబ్బు లేకపోతే రాలిన వెంట్రుకల చుట్టలు తీసుకుని పూసలిచ్చేవారు. తండాల్లో లంబాడీ ఆడవాళ్లు గవ్వలు, అద్దాలు, పూసలు తమ బట్టల మీదే కుట్టుకునేవాళ్లు. కొనుక్కునే నగకూ చేసుకునే నగకూ మధ్య గీత వాళ్ల దగ్గర ఎప్పుడూ అంత స్పష్టంగా లేదు.

ఈ పాత అల్లికను గట్టిగా కుదిపింది చైనా యుద్ధం తర్వాత, 1963 జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ. ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ 14 క్యారెట్లకు మించి కొత్త నగలు చేయరాదన్నారు. దేశమంతటా స్వర్ణకారులు వీధిన పడ్డారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. 14 క్యారెట్ల నిబంధన తొందరలోనే సడలింది, కానీ నియంత్రణ చట్టం పూర్తిగా రద్దయింది 1990లోనే. అప్పటికి ఒక తరం అవుసలుల పిల్లలు వేరే పనులు చూసుకున్నారు. పాలిటెక్నిక్, ఐటీఐ, ఆ పైన ఇంజనీరింగ్. సైబరాబాద్ ఆఫీసుల్లో కోడు రాస్తున్నవారిలో కుంపటి ఆరిన ఇళ్ల మనవలు ఎందరున్నారో ఎవరూ లెక్క తీయలేదు. తీయదగ్గ లెక్క అది. ఇంకోవైపు బందరు పక్కన చిలకలపూడి వాళ్లు రాగి మీద బంగారు పూత వేసి మధ్యతరగతికి వేరే దారి చూపించారు. చిలకలపూడి బంగారమని మొదట ఎకసెక్కంగా పలికినవాళ్లే తర్వాత పెళ్లిళ్లకు వెంట తీసుకెళ్లారు. నగకు విలువ తులాల్లోనే కాదు, పనితనంలోనూ ఉంటుందన్న ఊహ మన ఇళ్లలోకి వచ్చింది ఆ రోల్డ్ గోల్డ్ పెట్టెల్లోనే అని నా అభిప్రాయం. ఇవాళ హాబీగా నగలు చేసేవాళ్లంతా ఆ చిలకలపూడి వారికి రుణపడి ఉన్నారు.

నిజాం నగల మాట ఎత్తకుండా హైదరాబాద్ నగల కథ చెబితే కొందరు పాఠకులు ఊరుకోరు గనక క్లుప్తంగా చెబుతాను. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ట్రస్టుల్లో పెట్టిన వంశపు ఆభరణాల్లో 173 నగలను 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది. అందులో 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం ఒకటి. తండ్రి పాదరక్షలో దొరికిన ఆ రాయిని కొడుకు కాగితాలు ఎగరకుండా బరువుగా వాడుకున్నాడంటారు. 2001లో సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ నగలను ప్రదర్శనకు పెడితే జనం బారులు తీరారు. చూసి వచ్చిన ఆడవాళ్లు మాట్లాడుకున్నది ఖరీదు గురించే అనుకుంటే పొరపాటు. ఏ పచ్చ పక్కన ఏ ముత్యం పెట్టారు, లంకె ఎలా వేశారు అని కళ్లతోనే కొలుచుకుని వచ్చినవాళ్లున్నారు.

ఇంట్లో చేసినదాన్ని బల్ల మీద పెట్టి అమ్మడం ఈ నగరానికి అలవాటైంది నుమాయిష్‌తో. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం వారు స్థానిక పరిశ్రమలకు ఊతమివ్వాలని పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన ఆ ప్రదర్శన 1946లో నాంపల్లికి మారింది. అప్పటి నుంచి దాదాపు ఏటా జనవరి వస్తే స్టాళ్లు వెలుస్తున్నాయి. స్వాతంత్ర్యం తర్వాత మహిళా మండళ్లు వచ్చాయి. కుట్టు, ఎంబ్రాయిడరీ, పూసల సంచులు, వైరు బుట్టలు. మధ్యాహ్నం రేడియో పెట్టుకుని పూసల నెమలి అల్లి షోకేసులో పెట్టిన అమ్మలు మనందరికీ తెలుసు. అమ్మడానికి కాదు, చూపించుకోవడానికి. అమ్మితే ఇంటి పరువేమవుతుందోనన్న బెరుకు మధ్యతరగతిని చాలాకాలం పట్టి ఉంచింది. ఆ బెరుకు కరగడానికి 1990లు రావలసి వచ్చింది. 1993లో ఏర్పడిన మహిళా పారిశ్రామికవేత్తల సంఘం ఎలీప్ గాజులరామారంలో ఆడవాళ్ల కోసమే ఒక పారిశ్రామిక వాడ నిలబెట్టింది. ఆడమనిషి పేరు మీద బిల్లు పుస్తకం ఉండటం వింత కాదనిపించిన రోజులవి.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే నగరానికి పడమటి దిక్కున బండరాళ్లు కదిలాయి. మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి, ఇవన్నీ సీతాఫలం పొదలు, చెరువులు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న రాళ్లు ఉన్న పల్లెలు. గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన దుర్గం చెరువు ఆ రాళ్ల మధ్యే దాగి ఉండేది. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం తర్వాత గచ్చిబౌలికి వచ్చినా ఆ వైపు రాకపోకలు పలచగానే సాగాయి. ముందుగా వచ్చింది ఐటీ కాదన్న సంగతిని ఇప్పటివాళ్లు మరిచిపోయారు. ముందు వచ్చింది 1992లో తలపెట్టిన చేతివృత్తుల గ్రామం శిల్పారామం. 1995లో ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ వచ్చింది. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి, ఆ కూడలి పక్కన కుండలూ నగలూ అప్పటికే చోటు చేసుకుని కూర్చున్నాయి. గాజు భవనం వెనక వచ్చి చేతిపని పక్కన చేరిందే తప్ప చేతిపని వచ్చి దాని నీడన చేరలేదు.

తొలి ఏళ్లలో ఈ రెంటికీ పరిచయం పలచనే. ఐటీ కుర్రకారు శని ఆదివారాల్లో శిల్పారామానికి వెళ్లి, పెంబర్తి ఇత్తడో నిర్మల్ బొమ్మో లక్కగాజుల జతో కొనుక్కుని వచ్చేవారు. డిసెంబరు మేళాలో ఊర్ల నుంచి వచ్చిన కళాకారులు కింద చాపలు పరుచుకుని అక్కడికక్కడే చేసి చూపించేవారు. చూసేవాళ్లు చూసి పోయేవాళ్లు. మలుపు ఎక్కడ వచ్చిందంటే, చూసినవాళ్లకు తామూ చేస్తే ఏమన్న ఆలోచన కలిగిన చోట. రోజంతా చేసిన పని కంటికి కనపడదు, చేతికి తగలదు. ఆర్నెల్లు కష్టపడ్డ ప్రాజెక్టును అవతలి దేశం నుంచి ఒక్క మెయిలుతో ఆపేయవచ్చు. అలాంటి మనిషికి గంటలో పూర్తయి అరచేతిలో నిలిచే కమ్మల జత ఎంత ఊరటో చెప్పక్కర్లేదు. పెళ్లయ్యాక, కాన్పు తర్వాత ఉద్యోగం మానుకున్న ఇంజనీర్లు, అమెరికాలో కొన్నేళ్లుండి తిరిగొచ్చినవాళ్లు, అత్తగారి ఊరి నుంచి ఈ పదిహేనో అంతస్తుకు కొత్తగా చేరినవాళ్లు ఈ పనికి మొదటి తరం.

యూట్యూబ్ వీళ్లకు గురువైంది. దశాబ్దం కిందట సిల్కు దారం గాజులు ఊరంతా వ్యాపించాయి. పాత గాజుకు చీరకు తగ్గ రంగు దారం చుట్టి, జిగురుతో కుందన్లు అంటించి, అంచుకు బాల్ చైన్ బిగిస్తే అయిపోయె. బుట్టకమ్మలూ అదే తీరు. అది వెలిసిపోతుండగానే మట్టి నగలు వచ్చాయి. మెత్తటి బంకమట్టిని అచ్చులో ఒత్తి, నీడన ఆరబెట్టి, కాల్చి, రంగులద్దడం. కొండాపురం మట్టిబొమ్మలు చేసినవాళ్లు చూస్తే పెద్దగా ఆశ్చర్యపోరు. ఆ తర్వాత కాగితం చుట్టల క్విల్లింగ్, కేకులు చేసే ఒవెన్‌లోనే కాల్చుకునే పాలిమర్ క్లే, ఎండిన పూలరేకులను గాజులో బంధించినట్టుండే రెసిన్. ఇప్పుడు మళ్లీ పూసలకే తిరిగొచ్చారు. గుట్టపూసల హారం, పట్టెడ, పచ్చల దండ నమూనాలను ఒక గ్రాము బంగారు పూతతో, చైనా ముత్యాలతో ఇంట్లోనే కడుతున్నారు. పదేళ్లలో ఇన్ని ఫ్యాషన్లు మారినా నిలిచిపోయింది గుచ్చడమే.

అమ్మకం కూడా ఇలాగే మెట్టు మెట్టుగా పెరిగింది. మొదట పక్క ఫ్లాటు వాళ్లకు, తర్వాత అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో దసరా స్టాలు, ఆ తర్వాత ఆఫీసు క్యాంటీన్ దగ్గర దీపావళి మేళా. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ పగలు సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తుంది, రాత్రి కమ్మలు చేస్తుంది. మొదటిసారి స్టాలు పెట్టిన రోజు బల్ల వెనక నిలబడలేక భర్తను కూర్చోబెట్టి తాను కొనేవాళ్లలో కలిసి తిరిగింది! మరుసటేడు తానే నిలబడింది, రంగు నప్పలేదన్న ఆవిడతో వాదించింది కూడా. 2016లో యూపీఐ, ఆ ఏడాది నవంబరులో నోట్ల రద్దు, ఈ చిన్న బల్లలకు చిల్లర బాధ తీర్చాయి. ఇన్‌స్టాగ్రామ్ అద్దాల బీరువా అయింది, వాట్సాప్ ఆర్డరు పుస్తకమైంది. 2020 మార్చి లాక్‌డౌన్‌లో రోడ్లు ఖాళీ అయితే డైనింగ్ టేబుళ్లు నిండాయి. ఊసుపోక మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఆఫీసులు తెరవగానే డబ్బాలు మూసేశారు. కొందరు మూయలేదు. ఆ కొందరే ఇప్పుడు కొరియర్ కుర్రాణ్ణి పేరు పెట్టి పిలుస్తారు. ప్రభుత్వానికీ వీళ్లను గుర్తించడానికి టైమ్ పట్టింది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆన్‌లైన్ అంగళ్లలో వస్తువులు అమ్మాలంటే, ఏడాదికి పదివేలు అమ్మినా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. రాష్ట్రం లోపల అమ్ముకునే చిన్నవాళ్లకు ఆ మెలిక సడలింది 2023 అక్టోబర్‌లో.

ఇక్కడ నా మనసులో మాట ఒకటి చెప్పాలి. చేసే మనిషి, పేరు పెట్టుకున్న మనిషి, అమ్మే మనిషి ఒక్కరే కావడం ఈ నేల నగల చరిత్రలో పెద్ద సంగతి. శాతవాహనుల పూసకు లేని సంతకం మాదాపూర్ పూసకు ఉంది, అట్టపెట్టె మీద ఆవిడ పెట్టుకున్న పేరుంది. దానికి సంతోషిస్తాను. అయితే ధర దగ్గర ఒక చిక్కుంది. జీతం వచ్చే ఇంట్లో కమ్మలకు ధర కట్టేటప్పుడు పూసల ఖర్చు వేసుకుంటారు, హుక్కుల ఖర్చు వేసుకుంటారు, మూడు గంటల తన కాలాన్ని మాత్రం లెక్కలో వేసుకోరు. ఇష్టంగా చేసిందేగా అంటారు. ఆ ఇష్టం ధరకే అదే మేళాలో పక్క బల్ల మీద ఉన్న వృత్తికారుడూ అమ్మాల్సి వస్తుంది. అతనికి ఆ మూడు గంటలే బియ్యం. ఇది ఎవరి తప్పూ కాదుగానీ, చరిత్ర చెప్పేవాడు చూసీ చూడనట్టు దాటిపోకూడదు. 2024లో హైదరాబాద్ లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు బజారుకు వచ్చింది. గల్లీలో రాళ్లు అద్దే ఆడమనిషి పేరు ఇంకా ఏ పెట్టె మీదికీ ఎక్కలేదు.

ఈ రెండు ప్రపంచాలూ వేర్వేరు అనుకుంటాం, కావు. సైబరాబాద్ నగకు ముడిసరుకు పాతబస్తీ వైపు నుంచే వస్తుంది. పూసలు, జంప్ రింగులు, హెడ్ పిన్నులు, డోరీలు కిలోల్లెక్కన దొరికేది బేగంబజార్‌లో. ముత్యాల లడీ పత్థర్‌గట్టీలో బేరమాడాలి. హారం కొస ముడి వదులైతే చివరికి చార్‌కమాన్ వైపు హారాలు గుచ్చే పట్వా దగ్గరికే పరుగు. యూట్యూబ్‌లో ముప్పై సార్లు చూసినా పట్టుబడని ఆ ముడిని ఆయన మాట్లాడుతూనే, కళ్లెత్తకుండా వేసేస్తాడు. ఒకప్పుడు ఇటునుంచి అటు వెళ్లి రావడానికి ఒక పూట పట్టేది. 2019 మార్చిలో హైటెక్ సిటీకి, ఆ నవంబరులో రాయదుర్గానికి మెట్రో రావడంతో పని తేలికైంది. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారితే చాలు.

శనివారం మధ్యాహ్నాలు ఆ రైల్లో ఇలా సరుకు కొనుక్కుని వెళ్లేవాళ్లను తేలిగ్గా కనిపెట్టవచ్చు. మెడలో ఆఫీసు ట్యాగు ఉండదు, ఒళ్లో నల్ల కవర్లుంటాయి. పెద్దమ్మ గుడి స్టేషన్ దాటాక ఎవరో ఒకావిడ ఆగలేక కవరు ముడి విప్పుతుంది. పిడికెడు ఆకుపచ్చ పూసలు తీసి, కిటికీ వెలుతురుకు పట్టి, ఫోన్‌లో ఎవరో పంపిన చీర రంగుతో సరిచూసుకుంటుంది. ఎదురు సీట్లో ముసలావిడ ముందుకు వంగి అడుగుతుంది: "ఏం బిడ్డా, పూసలెక్కడ కొన్నవ్?"